ఏం గాదు

1. మొదటి షిఫ్టు

సైరన్ కొట్టగానే వచ్చి చెవిని తుడిచాను. మేం కాపురముండే ఈ బాయిలో బొగ్గు తవ్వడం ఎప్పుడో మానేశారు గానీ, బొగ్గు మాత్రం మమ్మల్ని మానలేదు. గోడల్లోంచి, కప్పులోంచి మసి రాలుతూనే ఉంటుంది. పొడిగుడ్డ పెట్టి తుడవకపోతే చెవికి సరిగ్గా వినపడదు. వినపడకపోతే పైనుంచి నాకు తిట్లు పడతాయి.

చెవి అంటే పెద్ద యంత్రమేం కాదు. నా కిటికీ పక్కన గోడకు బిగించిన జాలీ పెట్టె. ఒక ఎర్ర దీపం, ఒక పచ్చ దీపం, వార్తలు చదివే ఆడమనిషి గొంతు. ఇలాంటివే చిన్నచిన్నవి బాయిసభ సభ్యుల మెడల్లో వేలాడుతుంటాయి. సభ్యులతో ఎవరేం మాట్లాడినా అవి వింటాయి. ఎవరు పని అడిగారు, ఎవరు ఏం పెట్టారు, ఎవరికి ఎవరు ఏమవుతారు, ఈ మూడూ ఏరి నా కిటికీకి పంపుతాయి. సభ్యుల దగ్గర పైరవీ చేసేవాళ్ళు ముందు నా దగ్గర పేరు రాయించుకుని పచ్చబిళ్ళ తగిలించుకోవాలి. సభ్యులు తమ చుట్టాలెవరో చెప్పాలి. చుట్టాల సంగతి ఓటుకొస్తే సభ బయట కూర్చోవాలి.

బోర్డు మీద 'నీతి నమోదు విభాగం' అని ఉంటుంది. జనం 'చెవికాడ' అంటారు. నన్ను 'చెవామె' అంటారు. నా పేరు భూలక్ష్మి.

ఈ చట్టమంటే నాకు ఇష్టమే. అది రాకముందు నాలుగో లెవెల్ సభ్యుడు గాలి మొత్తం తన బామ్మర్ది ఉండే వరసకు మళ్ళించుకున్నాడు. మా వరసవాళ్ళు నిద్రలోనే పోయారు. మా ఆయన సదానందం కూడా. నేను ఆ పూట డ్యూటీలో ఉన్నాను కాబట్టి మిగిలాను. చుట్టరికం మనుషుల్ని చంపుతుందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఏ దస్త్రమైనా మూసేముందు చెవి నన్ను కూడా అడుగుతుంది: "ఇందులో మీకు ఎవరైనా ఏమైనా అవుతారా?" ఎవరూ కారంటాను. పచ్చ దీపం వెలుగుతుంది. మూసేస్తాను.

చెవికి వినడమే వచ్చు, చదవడం రాదు. అందుకే ఇది రాస్తున్నాను. అంతకుమించి కారణమేం లేదు.

2. మొదటి షిఫ్టు

పైనుంచి గాలి తోలే కొత్త ఫ్యాను వస్తోందట. ఒకటే. బజారు లెవెల్‌కు పెట్టాలా, ఆరో లెవెల్ చివరి వరసకు పెట్టాలా అన్నది సభ తేల్చాలి.

బజారు తరఫున వేణుమాధవ్ వచ్చాడు. పచ్చబిళ్ళ చొక్కాకు నిటారుగా పెట్టుకుంటాడు. పైరవీ చేయడమే అతని ఉద్యోగం, దాచుకోడు. ఎవరి తరఫున వచ్చాడో, ఏ సభ్యుణ్ణి కలుస్తాడో, ఏం అడుగుతాడో అన్నీ ముందే చెప్పేస్తాడు.

"బజారు వర్తక సంఘం తరఫున, ఫ్యాను విషయమై, గౌరవ సభ్యులను కలవాలనుకుంటున్నానండి," అన్నాడు చెవికేసి చూస్తూ.

వెంటనే పచ్చ దీపం.

"టీ తెప్పిద్దామనుకున్నా గానీ, మీకు కానుక కింద రాసేస్తుంది కదా," అని నవ్వాడు.

చెడ్డవాడు కాదు. అందరూ అతనిలా మాట్లాడితే నా పని సగం తగ్గిపోయేది.

షిఫ్టు దిగాక ఆరో లెవెల్‌కు పోయాను. లసుమవ్వ దగ్గరే నా తిండి. సదానందం పోయిన తర్వాత నన్ను చెయ్యిపట్టి తీసుకుపోయి అన్నం ముందు కూర్చోబెట్టిన మనిషి ఆమె. అప్పట్నుంచీ నేనే పోతున్నాను. ఆమె ఉండేది చివరి వరసలో చివరి గది. అక్కడ దీపం పెడితే నిలవదు. గాలి చాలక కాసేపు కొట్టుకుని ఆరిపోతుంది.

"తిన్నవా బిడ్డా?" అంది. తినలేదని తెలుసు, తినడానికే వచ్చానని తెలుసు. అయినా రోజూ అడుగుతుంది. ఇప్పుడు ఆ రెండు మాటలకే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంటోంది.

పక్కగది రజిత చంకలో పసిపిల్లను వేసుకుని గుమ్మంలో నిలబడింది. పిల్ల పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి.

"ఫ్యాను మనకస్తదా అక్కా?" అని నన్నడిగింది.

"నాకేం తెలుసు," అన్నాను. నిజంగానే నాకేం తెలుసు?

3. రెండో షిఫ్టు

తల పట్టుకున్నాను.

ఆరో లెవెల్ సభ్యురాలు మల్లక్క. నిన్న నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే ఆ వరసల వాళ్ళంతా చుట్టూ చేరారు. ఫ్యాను సంగతి మాట్లాడారు. ఆమె మెడలో చెవి మొత్తం విని నాకు పంపింది. అది పంపింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

'అక్కా, మా వరస దిక్కు జర చూడు' – నమోదు లేని పైరవీ. బంధుత్వం: చెల్లెలు.

'వదినా, మా పిల్లగాళ్ళకు ఊపిరాడ్తలేదు' – నమోదు లేని పైరవీ. బంధుత్వం: ఆడపడుచు.

'అత్తా, నువ్వే దిక్కు' – పైరవీ. బంధుత్వం: కోడలు.

రజిత చేతిలో పెట్టిన సర్వపిండి ముక్క – కానుక.

ఇవన్నీ విని మల్లక్క ఏమందట? 'చూస్త తీ' అందట. చెవి దాన్ని 'సభ్యురాలు ఇచ్చిన హామీ' అని రాసింది. మల్లక్క 'చూస్త తీ' అంటే ఏమీ చెయ్యలేనని అర్థమని ఆరో లెవెల్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆమె అసలు పేరులోనే అక్క ఉంది. పేరు పెట్టి పిలిచినా చుట్టరికమే.

మధ్యాహ్నం మల్లక్క మొగుడు రాజేశం కిటికీ దగ్గరికి వచ్చి గట్టిగా కొట్టాడు.

"ఏమమ్మా, నాకు లేని తోడల్లుణ్ణి యాడికెళ్ళి తెచ్చినవు?"

చూస్తే నిజమే. జంపయ్య ముసలాయన మల్లక్కను ఎప్పట్లాగే 'ఏం మరదలా' అని ఆటపట్టించాడు. చెవి అతణ్ణి మల్లక్క అక్క మొగుడి కింద రాసేసింది. ఆమెకు అక్కే లేదు.

"నేను తేలేదు, చెవి తెచ్చింది," అన్నాను.

"మరి ఆ అక్కను సుత పట్టుకొచ్చి చూపెట్టమను జర. బోనం చేసి దావత్ ఇస్త," అంటూ నవ్వుకుంటూ పోయాడు.

నేను నవ్వలేదు. చివర్లో ఒక ఎంట్రీ ఉంది. లసుమవ్వ నల్లా దగ్గరికి రాలేక గుమ్మంలోంచే మల్లక్కకు కేకేసింది: 'పైలం బిడ్డా, జారి పడతవ్.' పైరవీ లేదు, కానుక లేదు. బంధుత్వం: కూతురు.

4. మొదటి షిఫ్టు

నీతి అధికారి పైనుంచి ఫోన్ చేశారు. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఇటువైపు మనిషి కాదు, తియ్యటి గొంతు.

"మల్లక్క గారికి ఆరో లెవెల్ మొత్తం బంధువులే ఉన్నారే! ఆవిడ ఆ ఫ్యాను మీద ఓటెలా వేస్తారు?"

"సార్, ఇక్కడ అందరూ అందర్నీ అలాగే పిలుస్తారు. అది పిలుపు. చుట్టరికం కాదు."

"మంచిది. ఆ మాటే వాళ్ళను చెప్పమనండి," అన్నారు. "ఒక్కొక్కరూ వచ్చి, సభ్యురాలి ఎదుట, ఆవిడ తమకేమీ కాదని స్పష్టంగా చెప్తే చెవి ఆ ఎంట్రీ మొత్తం కొట్టేస్తుంది. ఒక్కటి మిగిలినా ఆవిడ ఓటు వెయ్యకూడదు. చట్టం ఎందుకొచ్చిందో మీకు నేను చెప్పాలా భూలక్ష్మి గారూ?"

చెప్పనక్కర్లేదు. ఆయన మాటలో తప్పేం దొరకలేదు నాకు. అదే కష్టంగా ఉంది.

సభలో ఐదుగురు. మల్లక్క కాక, ఇద్దరు బజారువైపు, ఇద్దరు ఆరో లెవెల్ వైపు. సమానంగా వస్తే బజారుకే ఇవ్వాలని పాత తీర్మానం. అంటే మల్లక్క ఓటు లేకపోతే ఫ్యాను చివరి వరసకు రాదు. లసుమవ్వకు గాలి రాదు. రజిత పిల్లకు రాదు.

ఆరో లెవెల్‌లో దండోరా వేయించాను.

5. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు కూడా

లైను మెట్ల దాకా పోయింది. మల్లక్కను కిటికీ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాను. ఎదుటే ఉండాలి కదా.

మొదట అందరికీ వేళాకోళంగానే ఉంది. జంపయ్య ముందు వచ్చాడు.

"సభ్యురాలు మల్లక్క గారు మీకు ఏమవుతారు?" అంది చెవి.

"ఏం గాదు," అన్నాడు జంపయ్య. పచ్చ దీపం వెలిగింది. మల్లక్క దిక్కు తిరిగి, "ఇగ నీకు నాకు కటీఫ్," అన్నాడు చిన్నపిల్లల్లా వేలు చూపిస్తూ. లైనంతా నవ్వింది. మల్లక్క కూడా నవ్వింది.

రెండోవాడికీ నవ్వింది. ఆ తర్వాత తగ్గింది. మనిషి రావడం, చెవి అడగడం, 'ఏం గాదు' అనడం, పచ్చ దీపం. మళ్ళీ మనిషి. మల్లక్క నోట్లో మొదట్లో వక్క ఉంది. తర్వాత నమలడం ఆపేసింది. ఒకామె, మల్లక్క పెళ్ళిలో తోడుపెళ్ళికూతురుగా కూర్చున్నామె, 'ఏం గాదు' అనేసి మల్లక్క కాళ్ళకేసి చూస్తూ కాసేపు నిలబడిపోయింది. వెనకున్నవాళ్ళు జరగమన్నారు.

రజిత వచ్చింది. పిల్ల భుజం మీద నిద్రపోతోంది. "ఏం గాదు," అంది గబగబా. మల్లక్క పిల్ల పాదం పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

చెప్పేసినవాళ్ళు వెంటనే ఇళ్ళకు పోలేదు. బయట గుంపుగా నిలబడ్డారు. పోదామా అని ఒకర్నొకరు అడగాలి, ఏమని పిలిచి అడగాలో తెలియక గొంతు సవరించుకుంటున్నారు. ఒకాయన ఇంకొకాయన్ని భుజం తట్టి పిలిచాడు. మా ఊళ్ళో ఎవరూ ఎవర్నీ అలా తట్టి పిలవరు.

షిఫ్టు దిగేసరికి చెవి ఎంట్రీలన్నీ కొట్టేసింది. ఒకటి మిగిలింది.

"అవ్వ రాలేదా?" అంది మల్లక్క బెంచీ మీంచి లేవకుండా.

"రాలేదు."

"రాకుంటేనే మంచిగుండు," అంది. ఆ వెంటనే, "నేను గట్ల అనొద్దు గదా," అంది. మెడలో చెవిని పట్టుకుని చూసింది. అది మామూలుగానే ఉంది.

6. రెండో షిఫ్టు తర్వాత

లసుమవ్వ అన్నం వడ్డించింది. పచ్చిపులుసు. తిన్నాను. రుచి తెలియలేదు, అది ఆమె తప్పు కాదు. నాకు చాలాకాలంగా దేని రుచీ తెలియడం లేదు.

"రేపు ఒకసారి చెవికాడికి రావాలె అవ్వా. ఉత్తగ ఒక్క మాట చెప్పి పోవుడే."

"ఎరుకే," అంది. గోడకు జారగిలబడి ఊపిరి సర్దుకుంది. "బాయిలకు దిగిన నాడు గేటుకాడ సుత గిదే అడిగిండ్రు."

ఆ సంగతి నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు.

పైన ఎండలు ముదిరిన ఏడు. బాయిలోకి కుటుంబాలను మాత్రమే దింపుతున్నారు. ఒంటరిగా ఉన్నవాళ్ళను వెనక్కి పంపుతున్నారు. లైన్లో లసుమవ్వ ముందు ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది. వెంట ఎవరూ లేరు.

"కావలాయన అడిగిండు, 'ఈ పోరి నీకేమైతది' అని. దాని పేరు సుత నాకు ఎరుక లేదు. నా బిడ్డ అన్న. అనంగనే ఇద్దర్ని లోపల్కి తోలిండు." ఊపిరి కూడదీసుకుంది. "గా ఒక్క మాటతోటి బతికింది మల్లక్క. గా మాట ఇప్పుడు నేనే వాపస్ తీసుకోవాల్నా?"

"ఉత్తగ నోటితోటి అనుడే గదా అవ్వా. మనసుల ఏముంటే ఏంది, చెవికి మనసు వినపడదు."

"నేను దాన్ని కన్ననా? పాలిచ్చిన్నా?" అంది లసుమవ్వ. కోపంగా కాదు, నాకు లెక్క రాదేమో అన్నట్టు ఓపిగ్గా. "నాకు దానికి మధ్యల ఉన్నదే గా నోటిమాట భూలచ్చిమీ. అది తీసేస్తే ఇంకేం మిగుల్తది చెప్పు."

కంచం కడిగి బోర్లించాను. పక్కగదిలో రజిత పిల్ల ఏడుస్తోంది. ఏడుపు మధ్యలో తెగిపోయి, కాసేపటికి మళ్ళీ అందుకుంటోంది.

"పొల్ల పెదాలు నీలం పడుతున్నయి," అన్నాను లేస్తూ.

అంతకంటే నేనేం అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

7. మొదటి షిఫ్టు

లసుమవ్వ రాలేదు. మల్లక్క బెంచీ మీద కూర్చుంది, లేచి పోయింది. రేపు ఓటు. చెవిని రెండుసార్లు తుడిచాను.

8. మొదటి షిఫ్టు

వచ్చింది.

రజిత ఒక చంకలో పిల్లను, ఇంకో చేత్తో లసుమవ్వను పట్టుకుని మెట్లెక్కించింది. మెట్టు మెట్టుకూ ఆగారట. కిటికీ దగ్గరికి వచ్చేసరికి లసుమవ్వకు మాట రాలేదు. మల్లక్క గబుక్కున లేచి బెంచీ మీద చోటు చూపింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మా దగ్గర 'ఏం గాదు' అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఆమె నాకేమీ కాదు అనేది ఒకటి. భయపడకు, ఏమీ కాదులే అనేది ఇంకొకటి. రెండోది లసుమవ్వ నోట నేను వెయ్యిసార్లు విన్నాను. సదానందాన్ని తీసుకుపోతున్నప్పుడు నా వీపు మీద చెయ్యేసి రాత్రంతా అన్నది అదే. ఏం గాదు బిడ్డా, ఏం గాదు. అయ్యేదంతా అప్పటికే అయిపోయింది. అయినా ఆ మాట పట్టుకునే తెల్లారేదాకా కూర్చున్నాను.

"లసుమవ్వ గారూ, సభ్యురాలు మల్లక్క గారు మీకు ఏమవుతారు?" అంది చెవి.

లసుమవ్వ పిల్లకేసి చూసింది. తర్వాత జాలీకేసి చూసింది.

"ఏం గాదు."

ఊరంతా 'ఏం గాదు' అన్నప్పుడు మల్లక్క ఏడవలేదు. ఇప్పుడు రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. బయటికి శబ్దం రాకుండా కొంగు కుక్కుకుంది. పచ్చ దీపం వెలిగేలోగా లసుమవ్వ చెయ్యి దానంతటదే పోయి ఆమె తల మీద పడింది.

"ఏం గాదు బిడ్డా. ఏం గాదు."

ఎర్ర దీపం.

"సమాధానంలో వైరుధ్యం ఉంది. దయచేసి మళ్ళీ చెప్పండి," అంది చెవి, వార్తలు చదివినట్టే.

దాన్ని పగలగొట్టాలనిపించింది. అలాంటిది ఏదైనా అనిపించి చాలాకాలమైంది. పక్కన గుడ్డ ఉంది, దాన్ని పట్టుకుని ఊరుకున్నాను.

"ఏమంటుందే అది?" అని లసుమవ్వ నన్నడిగింది.

అవ్వా అనబోయాను. చెవి వింటోంది. నా నోటివెంట ఆ మాట వస్తే నేనే చుట్టాన్నవుతాను. నా కిటికీలో జరిగినదంతా చెల్లకుండా పోతుంది.

"మళ్ళీ చెప్పాలటండి," అన్నాను.

ఆ 'అండి' విని లసుమవ్వ నా మొహంలోకి చూసింది. పొద్దున్నే లేచి గుమ్మం ముందు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తర్వాత మల్లక్క తల మీంచి చెయ్యి తీసేసింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది, ఇంకో చేత్తో దాన్ని పట్టుకుంది.

"ఏం గాదు," అంది.

ఆ తర్వాత రావాల్సిన మాట పెదాల దాకా వచ్చింది. నాకు కనపడింది. పెదాలు గట్టిగా మూసేసింది.

పచ్చ దీపం.

9. రెండో షిఫ్టు

ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. ఫ్యాను ఆరో లెవెల్‌కు.

వేణుమాధవ్ దారిలో కలిశాడు. ఓడిపోయినా మొహం మాడ్చుకోలేదు. "ఇంత శుభ్రమైన ఫైలు నేనెప్పుడూ చూడలేదండి. ఒక్క మరక లేదు," అన్నాడు. మెచ్చుకోవడానికే అన్నాడు. "ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది," అన్నాను.

మల్లక్క సభలోంచి బయటికి వస్తే ఆరో లెవెల్‌వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒకామె 'మల్ల–' అని ఆగిపోయి, 'సభ్యురాలు గారూ' అంది. మల్లక్క చేతులు జోడించింది, పోస్టర్‌లో జోడించినట్టు.

10. మొదటి షిఫ్టు తర్వాత

ఫ్యాను బిగించారు. చివరి వరసలో గాలికి బట్టలు ఊగుతున్నాయి. పిల్లలు గోడలకు కాగితాలు అంటించి అవి ఎగురుతుంటే కేరింతలు కొడుతున్నారు. రజిత పిల్ల పెదాలు మామూలు రంగుకు వచ్చాయి. జంపయ్య అరుగు మీద కూర్చుని ఎవర్నీ ఏమీ అనకుండా వచ్చేపోయేవాళ్ళను చూస్తున్నాడు.

నేను భోజనం వేళకు పోయాను. లసుమవ్వ గదిలో దీపం ఆరకుండా వెలుగుతోంది. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఊపిరి చక్కగా తీస్తోంది, వెతుక్కోవడం లేదు. ఇందుకే కదా ఇదంతా. సంతోషించాలి. సంతోషం కోసం లోపల చూసుకున్నాను, చల్లబడిన పొయ్యిలో చెయ్యి పెట్టినట్టుంది.

నన్ను చూసి లేచి నిలబడింది. ఎప్పుడూ లేవదు. పీట జరిపింది.

"కూసోండ్రి మేడం," అంది. "తిన్నరా?"

ఎత్తిపొడుపేమో అని మొహం చూశాను. కాదు. కోపం లేదు, అలక లేదు. నేర్చుకుంది, అంతే. నేనే నేర్పాను.

ఇక్కడ చెవి లేదు. మల్లక్క లేదు. దీపం, పొయ్యి, మేమిద్దరం. అవ్వా, నేను భూలచ్చిమిని, నన్ను మేడం అనకు అనొచ్చు. నోరు తెరిచాను.

"ఇంకా లేదండి," అన్నాను.

అన్నం పెట్టింది. తిన్నాను. కంచం నన్ను కడగనివ్వలేదు.

11. మొదటి షిఫ్టు

చెవిని తుడిచాను. ఫ్యాను దస్త్రం మూయాలి. నేను మూస్తేనే ఓటు ఖాయమవుతుంది. మూయకపోతే మళ్ళీ తెరుస్తారు, ఫ్యాను విప్పి పైకి పంపుతారు.

ఈసారి దస్త్రం పెద్దది కాబట్టి చెవి ఒక్కొక్క పేరే చదివి అడిగింది. జంపయ్య గారు మీకేమవుతారు? రజిత గారు మీకేమవుతారు? రజిత నన్ను అక్కా అని పిలుస్తుంది. పిలిచేది. అన్నింటికీ అదే జవాబు చెప్పాను. దీపం వెలుగుతూ పోయింది.

చివరి పేరు వచ్చింది.

"లసుమవ్వ గారు మీకు ఏమవుతారు?"

ఆమెలాగే ఇంకో మాట పెదాల దాకా వస్తుందని, దాన్ని ఆపుకోవాల్సి వస్తుందని కిటికీ అంచు గట్టిగా పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను.

"ఏం గాదు," అన్నాను.

పచ్చ దీపం వెలిగింది. నన్ను మళ్ళీ చెప్పమని అడగలేదు.